పెన్నేరు గడ్డను గూర్చి నిదర్శనం చెప్పేదేమిటి?

(ఆలయ వార్షికోత్సవ సందర్భంగా యువతరం కొరకు ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మాట్లాడవలసిందని నన్ను కోరినప్పుడు, విషయాన్ని ఎంచుకునే స్వేచ్ఛను కూడ నిర్వాహకులు నాకే విడిచిపెట్టారు. ఆలయ సభ కనుక ఏదైనా పురాణ ఘట్టాన్ని తీసుకోవచ్చునని మొదట తోచింది. కాని పురాణం చెప్పగల పెద్దలు మన మధ్య ఉన్నారు. నేను ముప్పై ఏళ్లుగా ఈ అమెరికా దేశంలో ఆసుపత్రి ఫార్మసీలో మందులు చూసి ఇచ్చినవాడిని. నాకు తెలిసినది మందుల సంగతి. పైగా, పూజ ముగిసి భోజనశాలలో వరుసలో నిలబడినప్పుడు మీలో ఎందరో నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "అంకుల్, అశ్వగంధ నిజంగా పనిచేస్తుందా? ఒత్తిడి వలన వచ్చే అలసటకు మంచిదంటారు, వాడవచ్చునా?" వరుసలో నిలబడి రెండు మాటల్లో చెప్పగలిగిన జవాబు కాదది. ఈనాడు సావకాశంగా చెబుతాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ ప్రశ్న నా ఇంట్లోకి కూడ వచ్చింది. అప్పుడు నేను దానికి తప్పు జవాబు ఇచ్చాను.

మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరం చదువుతున్న రోజులవి. ఫోనులో గొంతు నీరసంగా వినిపించేది. "నాన్నా, పొద్దున లేవబుద్ధి కావడం లేదు, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది" అన్నది. పరీక్షల ఒత్తిడి అని నేనే తీర్మానించాను. హైదరాబాదు నుండి వచ్చిన బంధువుల పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన అశ్వగంధ చూర్ణం డబ్బా ఒకటి ఉండేది. దానిని పంపి, రోజూ రాత్రి గోరువెచ్చని పాలలో కలుపుకొని తాగమన్నాను. పిల్ల మాట విన్నది. నాలుగు నెలలు తాగింది. ఆ తర్వాత ఒకనాడు తరగతిలో కళ్లు తిరిగి కూలబడితే, అక్కడి వైద్యురాలు రక్తపరీక్ష చేయించింది. స్త్రీలకు 12 గ్రాములైనా ఉండవలసిన హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్నది. ఇనుము లోపం. మందు దొరికింది, పిల్ల కోలుకున్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒకే ఒక్క మాట అడిగింది: "నాన్నా, ఆసుపత్రిలో ఎవరైనా వచ్చి నాలాగే చెబితే, నువ్వు ముందు ఏమడుగుతావు?"

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. పరాయివారి విషయంలో వేసే ప్రశ్నను సొంత బిడ్డ విషయంలో వేయలేదు. మందు మన ఇంటిది, మన తాతలనాటిది అన్న ప్రీతి నా ప్రశ్నను మింగివేసింది. ఆ మూలిక నా కుమార్తెకు హాని చేయలేదు, నిజమే. కాని నాలుగు నెలల కాలాన్ని తీసుకున్నది. ఈ ప్రసంగం ఆ నాలుగు నెలలకు నేను చెల్లిస్తున్న బాకీ అనుకోండి.

ఇక విషయానికి వద్దాము. మన భాషలో శ్రమకు సంబంధించిన మాటలు చాలా ఉన్నాయి. పొలం దున్ని వచ్చినవానికి కలిగేది అలసట; అది నిద్రతో తీరుతుంది. దూరప్రయాణం చేసినవానికి కలిగేది బడలిక. అది స్నానభోజనాలతో తీరుతుంది. జ్వరం వచ్చి తగ్గినవానికి ఉండేది నీరసం. నిద్రపోయి లేచినా, తిన్నా, సెలవు తీసుకున్నా వదలనిది నిస్సత్తువ. మన పూర్వులు వీటిని వేరువేరు మాటలతో పిలిచారంటే, అవి వేరువేరు స్థితులని గమనించారన్నమాట. ఈనాడు మనం అన్నింటినీ కలిపి "స్ట్రెస్" అనే ఒకే సంచిలో వేస్తున్నాము. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఒత్తిడి అన్నది కల్పన కాదు. శరీరానికి ఎటువంటి ఉపద్రవం కలిగినా అది ఒకే రకమైన ప్రతిస్పందనను చూపుతుందని హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు 1936లో ప్రకటించాడు. మెదడు నుండి ఆజ్ఞ వెలువడుతుంది. మూత్రపిండాల మీద టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఆపద సమయంలో అది మనకు మేలు చేస్తుంది. ఆపద తీరకుండా నెలల తరబడి సాగినప్పుడు నిద్ర చెడుతుంది, మనసు నిలవదు, పనిలో ఆసక్తి నశిస్తుంది. ఉద్యోగపు ఒత్తిడి వలన కలిగే ఈ సత్తువలేనితనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగవర్గీకరణలో వృత్తిసంబంధమైన స్థితిగా గుర్తించింది. దానిని వ్యాధి అని మాత్రం అనలేదు. కనుక అర్ధరాత్రి కూడ ఆఫీసు ఫోనుకు జవాబు చెప్పవలసి వచ్చే మీ అలసటను సోమరితనమని నేననను. కాని అలసట అంతా ఒత్తిడి వలననే అని కూడ అనను.

ఇప్పుడు మూలికను పరిచయం చేస్తాను. సంస్కృతంలో అశ్వగంధ, తెలుగులో పెన్నేరు. పచ్చి వేరును నలిపితే గుర్రపు వాసన వస్తుందని ఆ సంస్కృత నామం. వృక్షశాస్త్రంలో దాని పేరు వితానియా సోమ్నిఫెరా. ఆ రెండవ పదానికి లాటిన్‌లో నిద్రను తెచ్చేది అని అర్థం. టమాటా, వంకాయ, మిరప, పొగాకు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. నడుము ఎత్తు పొద. పలుచని కాగితపు సంచివంటి తొడుగులో ఎర్రని చిన్న పండ్లు కాస్తాయి. నీరు తక్కువైన నేలలో పెరుగుతుంది. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాలు దీని సేద్యానికి ప్రసిద్ధి. మన రాయలసీమ మెట్టపొలాల్లో కూడ దీనిని పండిస్తారు. మందుకు వాడేది వేరు.

చరకసంహితలో ఔషధాలను అవి చేసే పనిని బట్టి పదేసి చొప్పున వర్గాలుగా కూర్చారు. అశ్వగంధ అక్కడ బలాన్నిచ్చే బల్య వర్గంలోనూ, శరీరాన్ని పుష్టిపరిచే బృంహణీయ వర్గంలోనూ కనిపిస్తుంది. ఇది గమనించదగిన విషయం. కృశించినవారికి, బలం ఉడిగినవారికి ఇచ్చే మందుగా మన పూర్వులు దీనిని ఎరుగుదురు. మెరుస్తున్న సీసాల మీద "కార్టిసాల్‌ను తగ్గిస్తుంది" అన్న వాక్యం ఈ కాలపుది. ఒత్తిడిని తట్టుకొనే శక్తినిచ్చే పదార్థాలకు "అడాప్టోజెన్" అన్న పేరును కూడ 1947లో సోవియట్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ లజరేవ్ పెట్టాడు. అంటే మీ చేతిలోని సీసా మీద రెండు వేర్వేరు కాలాల మాటలు ఉన్నాయి. పాతమాట ప్రాచీనత కొత్తమాటకు రుజువు కాజాలదు. కొత్తమాటకు కొత్త రుజువే కావాలి.

"మా అమ్మమ్మ వాడింది, ఆమెకు పనిచేసింది, అది రుజువు కాదా?" అని మీరు అడగవచ్చు. అమ్మమ్మ అనుభవం విలువైనదే; ఏ మొక్కను పరీక్షించాలో మనకు చూపించేది ఆ అనుభవమే. కాని అది నిర్ణయం చేయలేదు. ఎందుకంటే, మనం మందు ఎప్పుడు మొదలుపెడతాము? మరీ ఓర్చుకోలేని స్థితిలో. పరీక్షలు ముంచుకొచ్చిన వారంలో మొదలుపెడతాము. మూడు వారాల తర్వాత పరీక్షలు అయిపోతాయి, నిద్ర పడుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. ఆ ఖ్యాతి డబ్బాకు దక్కుతుంది. దీనికి తోడు, ప్రేమతో ఒకరు పాలు కాచి ఇస్తే ఆ ప్రేమ కూడ మనసుకు స్వస్థత నిస్తుంది. ఏది వేరు చేసిన పని, ఏది కాలం చేసిన పని, ఏది నమ్మకం చేసిన పని అన్నది విడదీసి చూడాలి.

విడదీయడానికి వైద్యశాస్త్రం కనిపెట్టిన పద్ధతి చాలా సులువైనది. ఒకే రకమైన బాధ ఉన్నవారిని కొందరిని చేర్చి, చీటీలు వేసినట్లు రెండు జట్లుగా పంచుతారు. ఒక జట్టుకు మందు, మరొక జట్టుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. దానినే ప్లాసీబో అంటారు. ఎవరికి ఏది అందిందో పుచ్చుకునేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. కాలమూ నమ్మకమూ రెండు జట్ల మీదా సమానంగా పనిచేస్తాయి. చివరికి రెండు జట్ల మధ్య తేడా మిగిలితే, అది మందుకు చెందుతుంది. ఇంతే. ఇందులో మన సంప్రదాయానికి వ్యతిరేకమైనది ఏమీ లేదు.

అశ్వగంధను ఇలా పరీక్షించినవాటిలో ఎక్కువగా ఉదహరించబడే ప్రయోగం మన హైదరాబాదులోనే జరిగింది. 2012లో దాని ఫలితాలు ప్రచురితమైనాయి. చాలాకాలంగా మానసిక ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిని తీసుకున్నారు. ఒక జట్టుకు వేరు నుండి తీసిన సారాన్ని 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 60 రోజులు ఇచ్చారు. ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిలో వారి అంకె 44 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 5.5 శాతం మాత్రమే తగ్గింది. రక్తంలో కార్టిసాల్ మొదటి జట్టులో 27.9 శాతం, రెండవ జట్టులో 7.9 శాతం తగ్గింది. సీసాల మీద కనిపించే అంకెలకు ఇటువంటి ఫలితాలే మూలం. చదివినప్పుడు తెలుగువాడిగా నాకూ గర్వం కలిగింది.

అయితే ఒక ప్రయోగంతో తీర్పు చెప్పరాదు. ఒకచోట తేలిన సత్యం మరొకచోట, మరొకరి చేతిలో కూడ తేలాలి. పైగా ఈ ప్రయోగం ప్రధానంగా కొలిచినది ఒత్తిడిని. మన ప్రశ్న అలసటను గూర్చినది. అలసటను సూటిగా కొలిచిన రెండు ప్రయోగాలను మీ ముందుంచుతాను.

మొదటిది 2019లో వెలువడింది. 40 నుండి 70 ఏళ్ల వయసు కలిగి, బరువు ఎక్కువై, కొంత అలసటతో ఉన్న 57 మంది పురుషులను తీసుకున్నారు. ప్రతివారూ ఎనిమిది వారాలు ఒకటి, తర్వాత ఎనిమిది వారాలు మరొకటి పుచ్చుకున్నారు. ఏది ముందో ఏది వెనుకో వారికి తెలియదు. అశ్వగంధ పుచ్చుకున్నప్పుడు కొన్ని హార్మోనుల కొలతలు పెరిగాయి. అలసట కూడ తగ్గింది. కాని ఉత్తుత్తి మాత్ర పుచ్చుకున్నప్పుడు కూడ తగ్గింది. రెండింటి మధ్య లెక్కలోకి తీసుకోదగిన తేడా కనిపించలేదు. ఆ మనుషులలో ఏ ఒక్కరిని అడిగినా "నాకు మేలు చేసింది" అని నిజాయితీగా చెప్పి ఉండేవారు. ఉత్తుత్తి మాత్ర వంతు వచ్చినప్పుడు కూడ అదే చెప్పి ఉండేవారు. అమ్మమ్మ అనుభవం ఎందుకు చాలదో దీనివలన తెలుస్తుంది.

రెండవది 2023లో వెలువడింది. అధికమైన ఒత్తిడి, అలసట ఉన్నాయని చెప్పిన 40 నుండి 75 ఏళ్ల వయసు గల 120 మంది స్త్రీపురుషులు ఇందులో పాల్గొన్నారు. వీరు కూడ బరువు ఎక్కువైనవారే. వేరు సారాన్ని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 12 వారాలు ఇచ్చారు. ఫలితం వింతగా ఉన్నది. ఒత్తిడి అంకె రెండు జట్లలోనూ దాదాపు సమానంగా తగ్గింది. ఆ విషయంలో మూలిక ఉత్తుత్తి మాత్రను మించలేదు. కాని అలసటను కొలిచే ప్రశ్నావళిలో మాత్రం మూలిక జట్టుకు ఎక్కువ ఉపశమనం కలిగింది. గుండె కొట్టుకోవడంలో కనిపించే సహజమైన హెచ్చుతగ్గులు కూడ ఆ జట్టులో మెరుగుపడ్డాయి. ఆ కొలత మంచిదిశలో మారడం శరీరం విశ్రాంతి పొందుతున్నదనడానికి ఒక సూచన.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాదులో ఒత్తిడి బాగా తగ్గింది. 2019 నాటి ప్రయోగంలో అలసట విషయంలో తేడా తేలలేదు. 2023 నాటిదానిలో ఒత్తిడి విషయంలో తేడా తేలలేదు, అలసట విషయంలో తేలింది. ఒకరు మొదటిదాన్ని మాత్రమే చూపి "అద్భుతం" అంటారు. మరొకరు రెండవదాన్ని మాత్రమే చూపి "అంతా బూటకం" అంటారు. ఇద్దరూ మీకు సగమే చెబుతున్నారు.

నిద్రను గూర్చి కూడ ఒక మాట. 2021లో వెలువడిన ఒక సమీక్షలో ఐదు ప్రయోగాలను, మొత్తం 400 మంది వివరాలను కలిపి చూశారు. నిద్రలో చిన్నదైనా నిజమైన మెరుగుదల కనిపించింది. నిద్రలేమి ఉన్నవారిలో, రోజుకు 600 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి, ఎనిమిది వారాలు లేదా అంతకు మించి వాడినవారిలో అది మరింత స్పష్టంగా ఉన్నది. లాటిన్ నామం పెట్టినవారు ఊరికే పెట్టలేదన్నమాట. ఒత్తిడి వలన నిద్ర చెడినవానికి నిద్ర కుదుటపడితే, అలసట కొంత తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఈ నిదర్శనంలోని లోపాలు కూడ చెప్పకపోతే నేను నా వృత్తికి ద్రోహం చేసినట్లవుతుంది. ఈ ప్రయోగాలు చిన్నవి. పదుల సంఖ్యలో, మహా అయితే వందకు కాస్త పైన మనుషులు. కాలం తక్కువ; రెండు మూడు నెలలు. వాడిన సారాలు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరువి. ఒక కంపెనీ గాఢమైన సారంతో తేలిన ఫలితం అంగడిలో దొరికే చూర్ణానికి వర్తిస్తుందని చెప్పడానికి వీలులేదు. చాలా ప్రయోగాలలో మందును సమకూర్చినవారు, ఖర్చు భరించినవారు దానిని అమ్మేవారే. అంతమాత్రాన అవి అబద్ధాలు కావు. కాని కొబ్బరికాయలు అమ్మేవాడు తన కాయ తీపని చెప్పినప్పుడు మనం ఒకసారి చెవి దగ్గర పెట్టి ఆడించి చూస్తాము కదా, ఆపాటి జాగ్రత్త ఇక్కడా కావాలి.

కనుక మీ ప్రశ్నకు నా జవాబు ఇది: ఒత్తిడి వలన కలిగే అలసటకు, నిద్రకు అశ్వగంధ కొంత మేలు చేయవచ్చుననడానికి నిదర్శనం ఉన్నది. అది స్వల్పమైనది, ఇంకా పండనిది. పూర్తిగా కొట్టివేయదగినది కాదు, కళ్లు మూసుకొని నమ్మదగినదీ కాదు.

"మూలికే కదా, మేలు చేయకపోతే పోనీ, కీడు చేయదు కదా?" అన్న మాట మన ఇళ్లలో తరచు వినిపిస్తుంది. పని చేయగల శక్తి ఉన్న పదార్థానికి కీడు చేయగల శక్తి కూడ ఉంటుంది. ఐస్‌లాండ్ నుండి ముగ్గురు, అమెరికా నుండి ఇద్దరు, మొత్తం ఐదుగురికి అశ్వగంధ వలన కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు 2020లో ప్రచురితమైనాయి. మందు మొదలుపెట్టిన రెండు నుండి పన్నెండు వారాలలో వారికి పచ్చకామెర్లు, దురద వచ్చాయి. మానివేసిన తర్వాత ఐదు నెలలలోగా అందరూ కోలుకున్నారు. 2023లో భారతదేశం నుండి వచ్చిన నివేదిక ఇంకా గంభీరమైనది. కేవలం అశ్వగంధనే వాడి కాలేయం చెడిన ఎనిమిది మందిని అందులో వివరించారు. వారిలో ముందే దీర్ఘకాలిక కాలేయవ్యాధి ఉండి, దాని మీద ఇది తోడై వచ్చిన ముగ్గురు మరణించారు. లక్షలాది మంది వాడుతున్న మూలికకు ఇవి అరుదైన ఘటనలే. కాని కాలేయవ్యాధి ఉన్నవారు దీని జోలికి పోరాదనడానికి ఈ ఉదంతాలు చాలు.

ఇది థైరాయిడ్ హార్మోనులను పెంచగలదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు వైద్యునికి చెప్పకుండా వాడరాదు. మధుమేహానికి, రక్తపోటుకు, నిద్రకు మందులు వాడేవారికి ఆ మందుల బలం మారవచ్చు. అవయవ మార్పిడి జరిగినవారి మందులతో ఇది పొసగకపోవచ్చు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు దీనికి దూరంగా ఉండాలి. సుమారు మూడు నెలల వరకు వాడకం చాలామందికి సురక్షితంగానే కనిపిస్తున్నది. ఏళ్ల తరబడి వాడవచ్చునని చెప్పడానికి తగిన ఆధారం లేదు. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో దీనిని నిషేధించింది. భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ వేరునే వాడాలని, ఆకును వాడవద్దని 2021లో తయారీదారులకు సూచించింది. సంప్రదాయం చెప్పిన అంగం వేరు. ఆకు చవుక అని కలిపేవారు ఉన్నారు.

ఇక అంగడి సంగతి. ఈ దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం ఇటువంటివి ఆహార అనుబంధాల కిందికి వస్తాయి. మందు అయితే అమ్మకానికి ముందే ప్రభుత్వం ఎదుట దాని సామర్థ్యాన్ని, భద్రతను నిరూపించాలి. వీటికి ఆ నియమం లేదు. 2004లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, బోస్టన్ పరిసరాలలోని దక్షిణాసియా దుకాణాలలో, అంటే మనం పప్పులు, బియ్యం కొనేవంటి దుకాణాలలో, 70 ఆయుర్వేద ఉత్పత్తులను కొని పరీక్షించారు. వాటిలో 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు కనిపించాయి. అవన్నీ అశ్వగంధ కావు. కాని అయిదింట ఒకటి అంటే అది మన వంటింటి సమస్యే. కనుక స్వతంత్రమైన పరీక్షాసంస్థ ముద్ర ఉన్న సీసానే కొనండి. పెట్టెలో వచ్చిన పేరులేని పొట్లాన్ని ప్రేమతో అందుకోండి. ప్రేమ పొట్లం పరిశుభ్రతకు హామీ కాదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆచరణకు వద్దాము. మీకు రెండు మూడు వారాలకు మించి నిస్సత్తువగా ఉన్నదనుకోండి. మొదట సీసా కొనకండి, రక్తపరీక్ష చేయించుకోండి. అమ్మాయిలకు ఇనుము లోపం సాధారణం. మాంసాహారం తీసుకోనివారికి, ముఖ్యంగా పాలూ పెరుగూ కూడ మానివేసినవారికి, విటమిన్ బి12 లోపం రావచ్చు; అది అలసటతో మొదలై, నిర్లక్ష్యం చేస్తే నరాలను దెబ్బతీస్తుంది. థైరాయిడ్ మందగిస్తే అలసట. చక్కెర పెరిగితే అలసట. మన శరీరాలకు మధుమేహం తక్కువ బరువులోనే వస్తుంది. అందుకే ఈ దేశపు మధుమేహ సంఘం ఆసియా మూలాలు ఉన్నవారికి శరీరభార సూచిక 23 దాటితేనే పరీక్షించుకోవాలన్నది, ఇతరులకు ఆ హద్దు 25. గురక పెట్టి నిద్రలో ఊపిరి తెగేవారికి ఎంత పడుకున్నా అలసటే. మనసు కుంగిపోయినా అది తరచు అలసట రూపంలోనే బయటికి వస్తుంది. మన ఇళ్లలో "మనసు బాగాలేదు" అనడానికి జంకేవారు "ఒళ్లు బాగాలేదు" అంటారు. పెద్దలు ఆ మాట వెనుక మాటను కూడ వినాలి.

ఇవన్నీ లేవని తేలి, మీ అలసట నిజంగా ఒత్తిడిదే అయితే, అప్పుడు ఆ ఒత్తిడిని గూర్చి ఆలోచించండి. నిద్రకు వేళ ఉన్నదా? సెల్‌ఫోను పడకగదిలోకి వస్తున్నదా? ఆ కొలువు మనిషి చేయదగినదేనా? వీటిని సరిచేయకుండా మూలిక వాడటం కుళాయి కట్టివేయకుండా నేల తుడవడమే. ఇవి చూసుకుంటూ, వైద్యునికి చెప్పి, ప్రయోగాలలో ఇచ్చిన మోతాదుకు మించకుండా, రెండు నెలలు వాడి చూస్తానంటే నేను కాదనను. మొదలుపెట్టిన తేదీ రాసుకోండి. ఆపవలసిన తేదీ కూడ ఆనాడే రాసుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం రంగు మారినా, దురద వచ్చినా వెంటనే మానివేసి వైద్యుని దగ్గరకు వెళ్లండి.

పెద్దలతో ఒక మనవి. పిల్లలు "దీనికి రుజువు ఏది?" అని అడిగినప్పుడు, అది మన సంప్రదాయం మీద దాడి అని నొచ్చుకోవద్దు. రోగాన్ని ముందు పరీక్షించి, ఆ తర్వాతే ఔషధాన్ని నిర్ణయించాలని చెప్పినవాడు చరకుడే. ఈ మాటను ముప్పై ఏళ్ల వృత్తిలో నేను ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు. తలచుకోవలసిన ఒక్కసారి మరిచిపోయాను. ఆనాడు నేను సంప్రదాయాన్ని పాటించాననే అనుకున్నాను. నిజానికి సంప్రదాయంలోని డబ్బాను మాత్రం తీసుకుని, దాని క్రమశిక్షణను విడిచిపెట్టాను.

పిల్లలతో కూడ ఒక మనవి. పాలు కాచి తెచ్చే చేతిని వెక్కిరించకండి. ఆ చేతిలో ఉన్నది అజ్ఞానం కాదు, ఆదుర్దా. పాలు తాగండి, మరునాడు రక్తపరీక్షకు వెళ్లండి. మా అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్నలో కోపం లేదు. నాకు తెలిసిన విద్యనే నాకు గుర్తుచేసింది. ఈనాడు తనకు ఇద్దరు పిల్లలు. మొన్న ఫోను చేసి, "నాన్నా, ఈ మధ్య నీకు గొంతు నీరసంగా ఉంది, పరీక్ష చేయించుకున్నావా?" అని అడిగింది. వెళ్లి చేయించుకున్నాను. అంతా బాగానే ఉన్నది. అలసట వయసుది.